క్వాడ్ వేసినవాడు ఓడిపోవచ్చా? పురుషుల ఫిగర్ స్కేటింగ్‌లో జంప్‌లకు మార్కులు వేసే తీరు

2010 ఫిబ్రవరిలో వాంకూవర్ ఒలింపిక్స్ పురుషుల పోటీలో, గాలిలో నాలుగు చుట్లు తిరిగే జంప్ (క్వాడ్) వేసిన రష్యా స్కేటర్ యెవ్‌గెని ప్లుషెంకో రజతంతో సరిపెట్టుకోవడం, అలాంటి జంప్ ఒక్కటీ వేయని అమెరికా స్కేటర్ ఇవాన్ లైసాచెక్ స్వర్ణం గెలవడం న్యాయమేనా, ఇప్పటి నియమాలైతే ఆ ఫలితం తారుమారయ్యేదా, అసలు ఒక్కో జంప్‌కు మార్కులు ఎలా పడతాయి అని మీరు అడిగారు. మొదటి ప్రశ్నకు నా జవాబు సూటిగానే ఉంటుంది. ఆనాటి నియమాల ప్రకారం ఆ ఫలితం సరైనదే. లోపం నియమాల్లో ఉంది, దాన్ని అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య ఆ మరుసటి సీజన్ నుంచే సవరించడం మొదలుపెట్టింది. మిగతా రెండు ప్రశ్నలకు కొంత వివరంగా చెప్పవలసి ఉంటుంది. నేను చాలాకాలం చక్రాల స్కేటింగ్‌లో ఆర్టిస్టిక్ విభాగం పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్నవాడిని. మంచు మీది జంప్‌ల పేర్లూ, అవి దూకే బ్లేడు అంచులూ చాలావరకు అక్కడా ఉన్నవే కాబట్టి, మంచు పోటీల మార్కుల పత్రాలు చదవడం నాకు క్రమంగా అలవాటైంది.

ముందు వాంకూవర్ అంకెలు చూద్దాం. పోటీ రెండు భాగాలుగా జరుగుతుంది: ముందు చిన్నదైన షార్ట్ ప్రోగ్రామ్, తర్వాత పెద్దదైన ఫ్రీ స్కేట్. షార్ట్ ప్రోగ్రామ్ ముగిసేసరికి ప్లుషెంకోకు 90.85, లైసాచెక్‌కు 90.30 వచ్చాయి. ఫ్రీ స్కేట్‌లో లైసాచెక్‌కు 167.37, ప్లుషెంకోకు 165.51. మొత్తం కలిపితే 257.67, 256.36, అంటే తేడా 1.31 పాయింట్లు మాత్రమే. ఆ రోజుల్లో చాలామంది, జడ్జీలు ప్లుషెంకో శక్తిని పక్కనబెట్టి లైసాచెక్ కళకు పట్టం కట్టారని రాశారు. మార్కుల పత్రం ఆ మాటను ఒప్పుకోదు. ఫ్రీ స్కేట్‌లో స్కేటింగ్ నైపుణ్యం, ప్రదర్శన, కూర్పు వంటి వాటికి ఇచ్చే కాంపోనెంట్ మార్కులు ఇద్దరికీ అక్షరాలా ఒకటే, 82.80. తేడా మొత్తం సాంకేతిక మార్కుల్లోనే వచ్చింది: లైసాచెక్‌కు 84.57, ప్లుషెంకోకు 82.71. క్వాడ్ వేసినవాడు క్వాడ్‌లకు విలువ కట్టే విభాగంలోనే వెనకబడ్డాడన్నమాట. ఆలోచించవలసిన విషయం అదే.

అందుకు రెండు కారణాలున్నాయి. అప్పటి నియమం ప్రకారం కార్యక్రమం రెండో సగంలో వేసిన ప్రతి జంప్‌కూ మూల విలువ (పట్టికలో ఆ జంప్‌కు ముందే నిర్ణయించిన పాయింట్లు) మీద 10 శాతం అదనంగా కలిసేది, ఎందుకంటే అలసిన కాళ్లతో దూకడం కష్టం. లైసాచెక్ తన 8 జంప్‌లలో 5 రెండో సగానికి అట్టిపెట్టుకున్నాడు, ప్లుషెంకో 3 మాత్రమే ఉంచుకున్నాడు. దానితో క్వాడ్ వల్ల రావలసిన ఆధిక్యం దాదాపుగా కరిగిపోయి, ఇద్దరి మూల విలువలు ఇంచుమించు సమానమయ్యాయి. ఇక రెండో కారణం నాణ్యత. ప్లుషెంకో పడిపోలేదు, కానీ కొన్ని జంప్‌లలో గాలిలో ఒరిగిపోయి, దిగేటప్పుడు శరీరాన్ని బలవంతంగా నిలబెట్టుకున్నాడు. అది నిజంగా అసాధారణమైన నేర్పు, మరొకరైతే పడేవారు. అయితే మార్కుల పట్టికలో ఒరిగి నిలదొక్కుకున్నందుకు మెచ్చుకోలు లేదు, చక్కగా దిగినందుకు ఉంది. లైసాచెక్ దిగిన తీరు మొదటి నుంచి చివరి వరకు నిలకడగా సాగింది.

లైసాచెక్ క్వాడ్ ఎందుకు వేయలేదన్నది కూడా ఆనాటి ధరల పట్టికను బట్టే అర్థమవుతుంది. క్వాడ్‌లలో అన్నిటికంటే తక్కువ విలువైన క్వాడ్ టో లూప్ మూల విలువ అప్పుడు 9.8, మూడున్నర చుట్ల ట్రిపుల్ ఆక్సెల్ విలువ 8.2. అంత ప్రమాదానికి దక్కే అదనం 1.6 పాయింట్లు. పైగా పావు చుట్టుకు మించి తక్కువైతే ఆ జంప్‌ను ఒక మెట్టు దించి ట్రిపుల్ టో లూప్‌గా, అంటే 4.0గా లెక్కించేవారు, దాని మీద నాణ్యత కోత వేరు, పడితే ఇంకో పాయింటు వేరు. బొటాబొటిగా తిరగలేకపోయినవాడికీ, అసలు మూడే తిరిగినవాడికీ తేడా లేకుండా చేసిన ఈ నియమం క్వాడ్‌ను జూదంగా మార్చింది. వాంకూవర్ తర్వాత క్వాడ్ టో లూప్ విలువను 10.3కు పెంచారు, కొంచెం తక్కువ తిరిగిన జంప్‌కు 70 శాతం విలువ మిగిలేలా మధ్యలో ఒక మెట్టు చేర్చారు. ఫలితం తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. 2014 సోచి ఒలింపిక్స్‌లో పతకాలు గెలిచిన జపాన్ స్కేటర్ యుజురు హన్యు, పాట్రిక్ చాన్, డెనిస్ టెన్ ముగ్గురూ క్వాడ్‌లు వేసినవారే. స్కేటర్ల ధైర్యం నాలుగేళ్లలో పెరిగిందని కొందరంటారు గానీ, నా లెక్కలో పెరిగింది ధర.

ఇప్పుడు మార్కులు వేసే యంత్రాంగం సంగతి. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో జంటల పోటీ తీర్పుపై చెలరేగిన వివాదం తర్వాత, 6.0 గరిష్ఠంగా ఉన్న పాత పద్ధతిని తొలగించి, ప్రతి అంశానికీ విడివిడిగా పాయింట్లు కలిపే పద్ధతిని 2004లో అధికారికంగా ఆమోదించారు. ఇందులో మంచు పక్కన కూర్చునే అధికారులు రెండు వేర్వేరు పనులు చేస్తారు. సాంకేతిక బృందంలో ఒక కంట్రోలర్, ఇద్దరు స్పెషలిస్టులు ఉంటారు. వేసినది ఏ జంప్, ఎన్ని చుట్లు, ఏ అంచు మీద నుంచి దూకారు, చుట్లు పూర్తయ్యాయా అన్నది వారే తేలుస్తారు. పెద్ద పోటీల్లో 9 మంది వరకు ఉండే న్యాయనిర్ణేతలు ఆ జంప్ ఎంత బాగుందో మాత్రమే చెబుతారు. పరీక్షల్లో విద్యార్థి ఏ ప్రశ్నకు జవాబు రాశాడో ఒకరు నిర్ధారించి, ఆ జవాబు ఎంత బాగుందో మరొకరు దిద్దినట్టు ఉంటుంది ఈ విభజన. టీవీ ముందు కూర్చున్నవారు కోపంతో జడ్జీలను తిట్టే సందర్భాల్లో సగానికి సగం, అసలు నిర్ణయం తీసుకున్నది సాంకేతిక బృందమే అయి ఉంటుంది.

జంప్‌లు ఆరు రకాలు: టో లూప్, సాల్కావ్, లూప్, ఫ్లిప్, లట్జ్, ఆక్సెల్. 2018-19 సీజన్ నుంచి వాటి క్వాడ్ విలువలు వరుసగా 9.5, 9.7, 10.5, 11.0, 11.5, 12.5. అందులో ఆక్సెల్ ఒక్కటే ముందుకు చూస్తూ దూకేది, కాబట్టి దానికి ఎప్పుడూ అర చుట్టు అదనం. ట్రిపుల్ ఆక్సెల్ అంటే మూడున్నర, క్వాడ్ ఆక్సెల్ అంటే నాలుగున్నర. ఫ్లిప్‌కూ లట్జ్‌కూ తేడా దూకే కాలి బ్లేడు అంచులోనే ఉంటుంది. లోపలి అంచు మీద నుంచి వెళ్తే ఫ్లిప్, బయటి అంచు మీద నుంచి వెళ్తే లట్జ్. లట్జ్ వేస్తానని వెళ్లి చివరి క్షణంలో లోపలి అంచుకు వాలిపోయేవారు ప్రపంచ స్థాయిలోనూ ఉన్నారు. సాంకేతిక బృందం దాన్ని స్పష్టమైన తప్పుగా గుర్తిస్తే మూల విలువ 80 శాతానికి పడిపోతుంది. అంటే క్వాడ్ లట్జ్ 11.5 నుంచి 9.2కు దిగి, శుద్ధమైన క్వాడ్ టో లూప్ కంటే చవకైపోతుంది.

అంచు కన్నా పెద్ద తగాదా చుట్ల దగ్గర వస్తుంది. స్కేటర్ గాలిలోకి లేచిన తర్వాత కొత్తగా తిరుగుడు బలాన్ని సంపాదించలేడు. మంచును వదిలే క్షణంలో ఎంత ఉందో అంతే. చేతులు, కాళ్లు శరీరానికి దగ్గరగా లాక్కుని ఆ ఉన్న బలంతోనే వేగాన్ని పెంచుకుంటాడు. అర మీటరు ఎత్తుకు లేచినవాడు గాలిలో ఉండేది 0.64 సెకన్లు, అది గురుత్వాకర్షణ నిర్ణయించిన గడువు. ఆ గడువులో క్వాడ్ పూర్తిచేయాలంటే సెకనుకు ఐదు చుట్లకు పైగా తిరగాలి. అందుకే ఎత్తు పెంచుకోలేనివారు దూకకముందే మంచు మీద కొంత తిరిగేసి, దిగాక మంచు మీద మరికొంత తిరిగి లెక్క సరిచేయడానికి చూస్తారు. దిగిన తర్వాత తిరిగిన భాగాన్ని పట్టుకోవడానికి స్పష్టమైన కొలతలున్నాయి. సరిగ్గా పావు చుట్టు తక్కువైతే విలువ పూర్తిగా ఉండి నాణ్యతలో కోత పడుతుంది; పావు నుంచి అర మధ్యలో తక్కువైతే విలువ 80 శాతం; అర చుట్టు లేదా అంతకు మించి తక్కువైతే ఒక చుట్టు తగ్గించి లెక్కిస్తారు. క్వాడ్ టో లూప్‌నే తీసుకుంటే 9.5, 7.6, 4.2 అని మూడు మెట్లు. పావు చుట్టు అటో ఇటో అన్న ఒక్క నిర్ణయానికి పతకమంత బరువు ఎందుకు ఉంటుందో ఈ అంకెలే చెబుతాయి.

ఆ నిర్ణయాన్ని సాంకేతిక బృందం రీప్లే చూసి, సాధారణంగా ఒకే కెమెరా కోణం నుంచి తీసుకుంటుంది. కెమెరాకు ఎదురుగా దిగిన జంప్‌లో బ్లేడు కోణం స్పష్టంగా కనిపిస్తుంది; మైదానం దూరపు మూలలో, వీపు కెమెరా వైపు ఉండగా దిగితే అంత స్పష్టంగా కనిపించదు. అనుమానం ఉంటే స్కేటర్‌కు అనుకూలంగా నిర్ణయించాలన్నది నియమం కాబట్టి, ఒకే లోపానికి ఒక మూలలో శిక్ష పడి, మరో మూలలో పడకపోవచ్చు. దూకకముందు మంచు మీద తిరిగేయడం విషయంలో నియమం మరీ సడలింపుగా ఉంది. టో లూప్ వంటి జంప్‌ను పూర్తిగా ముందుకు తిరిగిపోయి దూకారా అన్నది మామూలు వేగంలో చూసే తేల్చాలి, నెమ్మదించిన రీప్లేలో కాదు. దిగే కాలిని సూక్ష్మంగా కొలిచి, లేచే కాలిని కంటి అంచనాకు వదిలేయడం ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే అసంతృప్తి కలిగించే అంశం. ఇద్దరు స్కేటర్లు గాలిలో వేర్వేరు కొలతల చుట్లు తిరిగి ఒకే విలువ పొందడానికి ఇదే దారి.

నాణ్యత మార్కు దగ్గరికి వస్తే, 2018కి ముందు అది మైనస్ 3 నుంచి ప్లస్ 3 వరకు ఉండేది. ఇప్పుడు మైనస్ 5 నుంచి ప్లస్ 5 వరకు ఉంది. ఒక్కో మెట్టు ఆ జంప్ మూల విలువలో 10 శాతం. రెండు జంప్‌లు కలిపి వేస్తే ఎక్కువ విలువ గల జంప్ మీదనే ఈ శాతాన్ని లెక్కిస్తారు. జడ్జీలు చూడవలసిన మంచి లక్షణాలు ఆరు: ఎత్తు, దూరం బాగా ఉండటం; లేవడం, దిగడం చక్కగా ఉండటం; మొత్తం శ్రమ కనిపించకుండా సాగడం; జంప్‌కు ముందు అడుగులు లేదా ఊహించని ప్రవేశం ఉండటం; గాలిలో శరీర భంగిమ; సంగీతంతో పొసగడం. ప్లస్ 4 లేదా 5 ఇవ్వాలంటే వీటిలో మొదటి మూడూ తప్పనిసరి. 9 మంది ఇచ్చిన అంకెల్లో అత్యధికం, అత్యల్పం తీసేసి మిగిలినవాటి సగటు కడతారు.

ఈ 2018 మార్పు ఎంత లోతుగా పనిచేసిందో ఒక్క లెక్కతో చూపించవచ్చు. పాత పట్టికలో క్వాడ్ లట్జ్ విలువ 13.6. పడిపోతే నాణ్యతలో 4.0, పడినందుకు మరో 1 పోయి 8.6 మిగిలేది. అదే పట్టికలో ట్రిపుల్ లట్జ్ విలువ 6.0, జడ్జీలందరూ పూర్తి మార్కులిచ్చినా 8.1 దాటేది కాదు. అంటే మంచు మీద చతికిలబడినవాడికి, లోపమే లేని ట్రిపుల్ వేసినవాడికంటే ఎక్కువ వచ్చేది. చూసేవారికి అది అన్యాయంగా అనిపించడంలో వింతేముంది? ఇప్పటి పట్టికలో అదే క్వాడ్ లట్జ్ పతనానికి 11.5 నుంచి 5.75 పోయి, ఇంకో 1 తీసేస్తే 4.75 మిగులుతుంది. ప్లస్ 3 తెచ్చుకున్న ట్రిపుల్ లట్జ్‌కు 7.67 వస్తుంది. అంతేకాదు, ప్లస్ 4 తెచ్చుకున్న క్వాడ్ టో లూప్‌కు 13.3 వచ్చి, మామూలుగా గట్టెక్కించిన క్వాడ్ లట్జ్ 11.5ను దాటిపోతుంది. పురుషుల ఫ్రీ స్కేట్‌ను నాలుగున్నర నిమిషాల నుంచి నాలుగు నిమిషాలకు, జంప్‌లను 8 నుంచి 7కు తగ్గించింది కూడా ఆ ఏడాదే.

చాలామంది ప్రేక్షకులు పతనాన్నే పెద్ద నష్టంగా చూస్తారు గానీ, కోచ్‌లు ఎక్కువగా భయపడేది గాలిలో మధ్యలోనే విప్పేసుకోవడాన్ని. నాలుగు చుట్లు తిరిగి పడినా పైన చెప్పినట్టు 4.75 చేతికొస్తుంది, అదే భయంతో చేతులు తెరిచేసి ఒక్క చుట్టుకే దిగిపోతే పాయింటు దక్కడమే గగనం. 2026 మిలాన్ ఒలింపిక్స్ ఫ్రీ స్కేట్‌లో అమెరికా స్కేటర్ ఇలియా మాలినిన్‌కు జరిగినదాంట్లో పెద్ద భాగం ఇదే. షార్ట్ ప్రోగ్రామ్‌లో 108.16తో ముందు నిలిచిన ఆయన, క్వాడ్ ఆక్సెల్ వేయవలసిన చోట సింగిల్ ఆక్సెల్‌తో దిగిపోయాడు, 12.5 ఉండవలసిన గడిలో ఉన్న విలువ 1.1. దానికి పతనాలు తోడై, చివరికి 264.49తో ఎనిమిదో స్థానం దక్కింది. కజకిస్తాన్ స్కేటర్ మిఖాయిల్ షైదొరోవ్ 291.58తో స్వర్ణం గెలిచాడు. షార్ట్ ప్రోగ్రామ్‌లో ఈ శిక్ష ఇంకా కఠినం. 2022 బీజింగ్‌లో హన్యు సాల్కావ్‌కు దూకే క్షణంలో బ్లేడు మంచు మీది గుంటలో చిక్కుకుని ఒక్క చుట్టే తిరగగలిగాడు. షార్ట్ ప్రోగ్రామ్‌లో విడి జంప్ కనీసం ట్రిపుల్ అయి ఉండాలి కాబట్టి దానికి సున్నా వచ్చింది, 95.15తో ఎనిమిదో స్థానంలో మిగిలాడు. అలాంటి ప్రమాదానికి ఇంత శిక్ష తగదని నాకు అనిపిస్తుంది, కానీ కారణాన్ని బట్టి మార్కులు మార్చే అధికారం ఎవరికీ ఇవ్వకపోవడమే క్షేమం.

క్వాడ్ ఆక్సెల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి దాని గురించి కాస్త ఆగి చెప్పాలి. 1988 బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో కెనడా స్కేటర్ కర్ట్ బ్రౌనింగ్ తొలి క్వాడ్ టో లూప్ వేసినప్పటి నుంచి ఆరో రకం క్వాడ్ అయిన ఆక్సెల్ వరకు 34 ఏళ్లు పట్టింది. 2022 సెప్టెంబరులో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో మాలినిన్ దాన్ని శుద్ధంగా దించాడు. అంతకు ఏడు నెలల ముందే బీజింగ్ ఫ్రీ స్కేట్‌లో హన్యు దానికి ప్రయత్నించాడు. చుట్లు కొంచెం తక్కువయ్యాయి, పడిపోయాడు కూడా. అయినా పోటీలో క్వాడ్ ఆక్సెల్‌గా అధికారిక గుర్తింపు పొందిన మొదటి ప్రయత్నం అదే. మార్కుల లెక్క చూడండి: 12.5లో 80 శాతం 10.0, నాణ్యతలో 5.0 కోత, పడినందుకు మరో 1 పోగా నికరంగా 4. దాని బదులు ప్లస్ 4 నాణ్యతతో ట్రిపుల్ ఆక్సెల్ వేసి ఉంటే 11.2 వచ్చేది. రెండుసార్లు ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాడికి ఈ కూడిక తెలియక కాదు. పట్టిక అడగని పని ఆయన చేశాడు, నాలుగో స్థానంలో ముగించాడు. క్వాడ్ లట్జ్‌కు 11.5 ఇచ్చి, దానికంటే అర చుట్టు ఎక్కువ తిరిగే జంప్‌కు 12.5 మాత్రమే ఇవ్వడం పిసినారితనమని నా అభిప్రాయం. వాంకూవర్‌లో క్వాడ్‌కు జరిగిన చిన్నచూపే ఇప్పుడు క్వాడ్ ఆక్సెల్‌కు జరుగుతోంది.

జంప్‌లను ఏ వరుసలో, ఎక్కడ వేయాలన్న ప్రణాళిక కూడా నియమాలే నడిపిస్తాయి. రెండో సగంలోని అన్ని జంప్‌లకూ అదనం ఇచ్చే పద్ధతి పోయి, 2018 నుంచి షార్ట్‌లో చివరి ఒక్క జంప్‌కు, ఫ్రీలో చివరి మూడింటికి మాత్రమే 10 శాతం కలుస్తోంది. ఫ్రీ స్కేట్‌లో ఒకే రకం క్వాడ్‌ను రెండోసారి వేసే వెసులుబాటు ఒక్క రకానికే ఉంది. అంటే ఆరు రకాలూ వచ్చినవాడు ఒకదాన్ని మళ్లీ వేస్తే మొత్తం ఏడు. సరిగ్గా ఏడు జంప్‌లకే అనుమతి. కాగితం మీద మాత్రమే సాధ్యమని అందరూ అనుకున్న ఆ గరిష్ఠాన్ని 2025 డిసెంబరులో నగోయా గ్రాండ్ ప్రి ఫైనల్‌లో మాలినిన్ అందుకున్నాడు. ఏడుకు ఏడూ క్వాడ్‌లే, ఫ్రీ స్కేట్ మార్కు 238.24.

ఇక నేను ఎక్కువ అనుమానంతో చూసే విభాగం కాంపోనెంట్ మార్కులు. 2022-23 నుంచి ఇవి ఐదు కాకుండా మూడు: కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం. పురుషుల ఫ్రీలో వీటి గరిష్ఠం అప్పుడూ ఇప్పుడూ దాదాపు 100. సాంకేతిక మార్కులకు అలాంటి పైకప్పు లేదు. వాంకూవర్‌లో లైసాచెక్‌కు సాంకేతికంగా 84.57, కాంపోనెంట్లలో 82.80 వచ్చాయి, రెండు పళ్లేలూ సమంగా ఉన్నాయి. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో అమెరికా స్కేటర్ నేథన్ చెన్ ఆరు క్వాడ్‌లు వేసిన ఫ్రీ స్కేట్‌లో సాంకేతిక మార్కు 127.64కు చేరింది. అదే రోజు ఆయన కాంపోనెంట్ మార్కు 87.44, స్వర్ణం గెలిచిన హన్యుది 96.62. అక్కడ ఉన్న 9.18 పాయింట్ల తేడా, చక్కగా దించిన ఒక్క క్వాడ్ విలువ కంటే తక్కువ. చెన్ ఆ రోజు ఫ్రీలో 215.08తో అందరికంటే ముందు నిలిచాడు; షార్ట్‌లో 17వ స్థానానికి పడిపోవడం వల్లే మొత్తం మీద ఐదో స్థానంలో ఆగిపోయాడు. నాలుగేళ్ల తర్వాత బీజింగ్‌లో ఐదు క్వాడ్‌లతో స్వర్ణం గెలిచినప్పుడు ఆయన కాంపోనెంట్ మార్కు 97.22. ఈ మధ్యలో చెన్ స్కేటింగ్ నిజంగానే మెరుగుపడింది, అందులో సందేహం లేదు. కానీ పది పాయింట్ల పెరుగుదలలో ఎంత భాగం మెరుగైన స్కేటింగ్‌కు, ఎంత భాగం మూడుసార్లు ప్రపంచ విజేత అయినవాడన్న పేరుకు పడిందో విడదీయడం ఏ పత్రం చదివినా సాధ్యం కాదు.

దీనికి ఇంకా పాత ఉదాహరణ ఒకటి ఉంది. 2013లో కెనడాలోని లండన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ఆతిథ్య దేశపు పాట్రిక్ చాన్ ఫ్రీ స్కేట్‌లో రెండుసార్లు పడ్డాడు. కజకిస్తాన్‌కు చెందిన డెనిస్ టెన్ ఫ్రీ స్కేట్‌లో 174.92తో ఆయన 169.41ను దాటాడు. అయినా షార్ట్‌లో సాధించిన 98.37 పుణ్యమా అని చాన్ 267.78తో స్వర్ణం నిలుపుకున్నాడు, టెన్ 266.48తో రజతం అందుకున్నాడు. తేడా 1.30, వాంకూవర్ తేడాకు దాదాపు సమానం. చాన్ అంచుల మీద నడిచే తీరు ఆ కాలంలో అందరికంటే గొప్పదని నేనూ ఒప్పుకుంటాను. అయితే రెండు పతనాలతో తెగిపోయిన కార్యక్రమానికి కాంపోనెంట్ మార్కులు అంతగా చెక్కుచెదరకపోవడం అప్పుడే కాదు, ఇప్పటికీ జీర్ణించుకోలేను. పెద్ద తప్పులు జరిగిన ప్రదర్శనకు అత్యున్నత కాంపోనెంట్ మార్కులు ఇవ్వకూడదని తర్వాత కాలంలో నియమం చేర్చారు. ఇలాంటి ఫలితాలు లేకపోతే ఆ నియమం అవసరమే వచ్చేది కాదు.

జడ్జీలు తమ దేశం వారికి ఎక్కువ వేస్తారా అన్నది మీరు నేరుగా అడగలేదు గానీ, న్యాయం మాట వచ్చినప్పుడు దాటవేయలేం. 2002 వివాదం తర్వాత ఎవరు ఏ మార్కు వేశారో బయటికి తెలియకుండా దాచారు. ఒత్తిడి నుంచి జడ్జీలను కాపాడటం దాని ఉద్దేశం. ఆ ముసుగును 2016లో తీసేశారు. ముసుగు తీసిన రెండేళ్లకే, ప్యాంగ్‌చాంగ్‌లో తమ దేశం వారికి పక్షపాతంతో మార్కులు వేశారని తేలి చైనాకు చెందిన ఇద్దరు జడ్జీలను సమాఖ్య సస్పెండ్ చేసింది. అందులో ఒకరు పురుషుల పోటీలో కూర్చున్నవారే. అత్యధికం, అత్యల్పం తీసేసే సగటు పద్ధతి ఒంటరి పక్షపాతాన్ని చాలావరకు కడిగేస్తుంది. ఇద్దరు ముగ్గురు ఒకే వైపు మొగ్గితే మాత్రం ఆ పద్ధతికి పట్టుకునే శక్తి లేదు.

మీ చివరి ప్రశ్నకు వస్తాను. వాంకూవర్ కార్యక్రమాలను ఇప్పటి నియమాలతో చూస్తే లైసాచెక్ రెండో సగంలో వేసిన 5 జంప్‌లలో మూడింటికే అదనం దక్కుతుంది, ప్లుషెంకోకు మూడు అలాగే ఉంటాయి. కాబట్టి మూల విలువలో ప్లుషెంకో స్పష్టంగా ముందుకు వస్తాడు. అటు నాణ్యత మెట్లు మూడు నుంచి ఐదుకు పెరిగినందువల్ల ఒరిగి దిగిన జంప్‌లకూ నిలకడగా దిగిన జంప్‌లకూ దూరం కూడా పెరుగుతుంది, అది లైసాచెక్‌కు కలిసివస్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి. క్వాడ్ ఉందన్న ఒక్క కారణంతో ప్లుషెంకోకు స్వర్ణం ఖాయమని చెప్పే వాదన కొత్త పట్టికలోనూ నిలవదు.

మీకు స్వయంగా పరిశీలించాలనిపిస్తే, ఏ పోటీకైనా సమాఖ్య విడుదల చేసే వివరమైన మార్కుల పత్రం తెరిచి, మొత్తం మార్కు చూడకుండా ముందు జంప్ పేరు పక్కన ఉన్న గడిని చూడండి. చుట్లు తగ్గాయనో, అంచు తప్పిందనో గుర్తు ఉంటే అది సాంకేతిక బృందం మాట. ఆ తర్వాత అడ్డంగా ఉన్న తొమ్మిది నాణ్యత అంకెలు చదవండి. అవన్నీ ఒకటి రెండు మెట్ల తేడాలో ఉంటే ఆ జంప్ గురించి వివాదం లేనట్టే. ఒకరు ప్లస్ 3 వేసి మరొకరు మైనస్ 1 వేస్తే ఆ జంప్‌ను వీడియోలో మళ్లీ చూడండి, సాధ్యమైతే లేచే కాలి దగ్గర మొదలుపెట్టి.